ఇజ్నిక్ ఒక్కరోజు టూర్: బండికి ఐదు స్టార్లు, భోజనానికి నాలుగు, చరిత్రకు రెండు

2025 అక్టోబర్‌లో జర్మనీలో మా అబ్బాయి దగ్గర నుంచి తిరిగొస్తూ మావారూ నేనూ ఇస్తాంబుల్‌లో నాలుగు రోజులు ఆగాం. ఆ నాలుగింటిలో ఒక రోజు నాదని ముందే షరతు పెట్టాను. మిగతా మూడు రోజులూ ఆయన ఎటు తిప్పితే అటు తిరిగాను. నా రోజు మాత్రం ఇజ్నిక్‌కే అన్నాను.

ఇజ్నిక్ అంటే పాత నైసియా. నేను తెలుగు టీచర్‌గా చేసి రిటైరయ్యాను. ముప్పై ఏళ్లకు పైగా గుంటూరులో మా లూథరన్ సంఘంలో సండే స్కూల్ చెబుతున్నాను. ప్రభురాత్రి భోజన సంస్కారం ఉన్న ఆదివారాల్లో మేం మా నమ్మకం ఏమిటో చెప్పుకుంటూ చదివే నైసియా విశ్వాస ప్రమాణం పేరులో ఉన్న ఊరు అదే. క్రీ.శ. 325లో అక్కడ క్రైస్తవ బిషప్పుల మహాసభ జరిగింది, 2025కి సరిగ్గా 1700 ఏళ్లు. ఇంత దూరం వచ్చి చూడకపోతే ఎలా?

ఆన్‌లైన్‌లో బుక్ చేశాం. మనిషికి 110 యూరోలు. వ్యాను, ఇంగ్లీష్ గైడ్, మధ్యాహ్న భోజనం అన్నీ అందులోనే. కంపెనీ పేరు రాయను. వాళ్లు మోసగాళ్లేం కాదు, చరిత్ర దగ్గరికొచ్చేసరికి బద్ధకం, అంతే. ప్రకటనలో ‘మొదటి నైసియా మహాసభ జరిగిన చర్చిలో నిలబడండి’ అని ఉంది. ఈ వాక్యం గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

పొద్దున ఏడున్నరకు ఇస్తాంబుల్‌లోని కాదికోయ్ రేవు దగ్గర ఎక్కించుకున్నారు. వ్యాను శుభ్రంగా ఉంది, ఏసీ బాగుంది, డ్రైవరు పెద్దాయన మెత్తగా నడిపాడు. మాతోపాటు కేరళ నుంచి వచ్చిన భార్యాభర్తలు ఇద్దరు, మలంకర ఆర్థడాక్స్ అనే పాత క్రైస్తవ సంఘంవాళ్లు. గైడ్ ఓ పాతికేళ్ల అబ్బాయి. నవ్వుముఖం, మంచి ఇంగ్లీష్. ఎక్కగానే అందరికీ సిమిట్లు పంచాడు. నువ్వులద్దిన రింగు రొట్టె అది, వేడిగా ఉంటే బాగుంటుంది. తింటుండగానే కాదికోయ్‌లో చేపల మార్కెట్ ఎంత ఫేమస్సో చెప్పాడు.

ఆ రేవు ఉన్న చోటు పేరు ఒకప్పుడు కల్సెదోను అన్న మాట మాత్రం అతని నోట రాలేదు. కేరళ ఆయనే నా వైపు వంగి మెల్లగా అన్నాడు, “మేడమ్, మీవాళ్లూ మావాళ్లూ విడిపోయింది ఇక్కడే.” క్రీ.శ. 451లో ఇక్కడే పరిశుద్ధురాలు యుఫేమియా చర్చిలో సభ జరిగింది. క్రీస్తు ఒక్కడే, ఆయనలో దైవ స్వభావం, మానవ స్వభావం రెండూ కలిసిపోకుండా, విడిపోకుండా ఉన్నాయని తీర్మానం చేశారు. ఈజిప్టు క్రైస్తవులైన కోప్టులు, సిరియావాళ్లలో చాలామంది, ఆర్మేనియన్లు దాన్ని ఒప్పుకోలేదు. సిరియా సంప్రదాయంలో ఉన్న మలంకర ఆర్థడాక్స్ సంఘం కూడా ఆ వరుసలోనే ఉంది. అంతకుముందు 325, 381, 431లో జరిగిన మహాసభలు మాకూ వాళ్లకూ ఉమ్మడి, 451 దగ్గర దారులు వేరు. అలాంటి చోట టూర్ మొదలుపెట్టి, చేపల గురించి చెప్పి బండి ఎక్కించారు! నేను స్టార్లు కోయడం అక్కడే మొదలుపెట్టాను.

రోడ్డు చక్కగా ఉంది, రెండు గంటల ప్రయాణం. 2016లో తెరిచిన ఒస్మాన్‌గాజీ వంతెన మీదుగా ఇజ్మిత్ ఖాతం దాటుతాం. వెళ్లేటప్పుడు ఎడమ వైపు సీటు అడగండి. ఆ ఖాతం చివర, తూర్పున ఉండే ఇజ్మిత్ ఊరే పాత నికొమేదియ. 303లో డయోక్లీషియన్ చక్రవర్తి క్రైస్తవుల మీద హింస మొదలుపెట్టింది అక్కడే. చర్చిని పడగొట్టించి, లేఖనాలను తగలబెట్టించాడు. ఇది జరిగిన 22 ఏళ్లకు కాన్‌స్టాంటైన్ చక్రవర్తి ప్రభుత్వ ఖర్చుతో బిషప్పులను నైసియాకు పిలిపించాడు. వచ్చినవాళ్లలో నియోకైసరయ పౌలు చేతులు కాలిపోయి ఉన్నాయని, ఈజిప్టు పఫ్నూటియస్‌కు ఒక కన్ను లేదని పాత చరిత్రకారులు రాశారు. సభ అయ్యాక రాజు విందు ఇచ్చాడు. కత్తులు దూసి నిలబడ్డ సైనికుల మధ్య నుంచి బిషప్పులు భయం లేకుండా లోపలికి నడిచారట. ఆ విందు గురించి రాసిన కైసరయ బిషప్పు యూసేబియస్ సభలో కూర్చున్నవాడే. కాళ్లకు సంకెళ్లు వేసిన చేతులే భోజనానికి పిలిస్తే ఆ ముసలివాళ్ల లోపల ఏమనుకొని ఉంటారో! వంతెన మీద నేను ఇదంతా ఆలోచిస్తుంటే, గైడ్ వంతెన కట్టడానికి పట్టిన ఇనుము గురించి చెబుతున్నాడు. మావారికి అది నచ్చింది లెండి, ఆయన ఇంజినీరు.

ఇజ్నిక్ చిన్న ఊరు. ఒక పక్క పెద్ద సరస్సు, చుట్టూ ఆలివ్ తోటలు, రోమన్ల కాలం నాటి కోటగోడ దాదాపు 5 కిలోమీటర్లు ఇంకా నిలబడి ఉంది. తూర్పున లెఫ్కే ద్వారం దగ్గర దింపారు. ఇక్కడ గైడ్ అసలు కథ ఎత్తుకున్నాడు. “అరియస్ అనే మతబోధకుడు యేసు మామూలు మనిషి అన్నాడు, సభ కాదంది, ఓట్లు వేసి దేవుణ్ణి చేశారు” అన్నాడు.

చెయ్యెత్తాను. ఇన్నేళ్లు పిల్లలు నా ముందు ఎత్తిన చెయ్యి నేనే ఎత్తాల్సి వచ్చింది.

అరియస్ ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో బౌకలిస్ అనే చర్చికి పాదిరి. యేసు మామూలు మనిషని ఆయన ఎప్పుడూ అనలేదు. లోకాలన్నిటికంటే ముందు, కాలానికే ముందు తండ్రి కుమారుణ్ణి కలుగజేశాడనీ, ఆ కుమారుడి ద్వారానే మిగతా సృష్టి అంతా జరిగిందనీ అన్నాడు. కాకపోతే ‘కుమారుడు లేని స్థితి ఒకటుండేది’ అన్నాడు. గొడవంతా ఆ మాట దగ్గరే. ఆయనకు వచనాల బలమూ ఉంది. సామెతలు 8:22 మన తెలుగు బైబిల్లోనే తీసి చూడండి, జ్ఞానం నోట ‘యెహోవా నన్ను కలుగజేసెను’ అని ఉంటుంది. ఆ జ్ఞానమంటే క్రీస్తేనని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. మరి ‘కలుగజేసెను’ని ఏం చేస్తారు? పైగా ‘తండ్రి నాకంటె గొప్పవాడు’ అని యేసే అన్నాడు.

మా సండే స్కూల్లో ఒక పిల్లాడు అడిగాడు, “కొడుకంటే నాన్న తర్వాతే కదా టీచర్?” అని. అరియస్ మూడో బెంచీలో కూర్చున్నాడని అప్పుడే అనుకున్నాను. సభ ఇచ్చిన జవాబు ఏమిటంటే, కుమారుడు పుట్టినవాడే గాని చేయబడినవాడు కాడు, తండ్రితో ఒకే స్వభావం గలవాడు. కుండను కుమ్మరి చేస్తాడు, అది కుమ్మరి కాదు. కుమ్మరికి పుట్టినవాడు మాత్రం మనిషే. పిల్లాడికి ఇలాగే చెప్పాను. “మరి ఎప్పుడు పుట్టాడు?” అని మళ్లీ అడిగాడు. ఎప్పుడు అనేది లేదు, సూర్యుడు ఉన్నప్పుడల్లా వెలుగు ఉన్నట్టు అన్నాను. వాడు ఒప్పుకోలేదు. అలెగ్జాండ్రియాలోనూ చాలామంది ఒప్పుకోలేదు.

నేను ఇంగ్లీష్‌లో తడుముకుంటూ ఇందులో సగమే చెప్పగలిగాను. గైడ్ మర్యాదగా విని, ఒక్క ‘ఐ’ అక్షరం కోసం సభలో కొట్టుకున్నారని చెప్పి ముందుకు సాగాడు. ఆ ‘ఐ’ గొడవ 325 నాటిది కాదు. గ్రీకులో ‘ఒకే స్వభావం’ అనడానికి హోమోఊసియోస్, ‘పోలిన స్వభావం’ అనడానికి హోమోయిఊసియోస్. ఈ రెండో పక్షం గట్టిగా లేచింది సభ అయిన 30 ఏళ్లకు పైగా గడిచాక. అక్షరం చిన్నదని నవ్వుతారు గానీ తెలుగు టీచరుకు ఆ నవ్వు రాదు. ‘గుడి’లో ఒక్క కొమ్ము తీసేస్తే ‘గడి’ అవుతుంది, వెళ్లి దణ్ణం పెట్టండి మరి.

పరిశుద్ధ నికొలస్ సభలో లేచి అరియస్ చెంప పగలగొట్టాడనే కథ కూడా వచ్చింది. గైడ్ నటించి మరీ చూపించాడు, అందరం నవ్వాం. బాగుంటుంది గానీ, చెంపదెబ్బ కథ రాతల్లోకి వచ్చింది సుమారు వెయ్యేళ్ల తర్వాత. బైబిల్లో ఏ పుస్తకాలు ఉండాలో ఇక్కడే తేల్చారన్నాడు. అదీ కాదు. ఈ సభ చేసిన 20 నిబంధనల్లో ఆ ఊసే లేదు. ఇప్పుడున్న 27 కొత్త నిబంధన పుస్తకాల పట్టిక అత్తనాసియు 367లో రాసిన పండుగ లేఖలో కనిపిస్తుంది. అత్తనాసియు సభనాటికి అలెగ్జాండ్రియా బిషప్పుకు సహాయకుడైన డీకన్, తర్వాత తానే బిషప్పు. ఐదుసార్లు ఊరు వెళ్లగొడితే ఐదుసార్లూ తిరిగొచ్చిన మొండిఘటం. ఇలాంటి మనిషి కథ ఉండగా చెంపదెబ్బ దేనికి?

ఇక ఆ ప్రకటన సంగతి. ఊరి నడిమధ్య అయా సోఫియాకు తీసుకెళ్లి, సభ ఇక్కడే జరిగిందన్నారు. జరిగింది, కానీ అది 787లో, క్రీస్తు, పరిశుద్ధుల పటాలను గౌరవించవచ్చా అన్న తగువు మీద. అది రెండో నైసియా సభ. 325 సభ రాజభవనంలో జరిగిందని యూసేబియస్ రాశాడు. అయినా అయా సోఫియా చూడాల్సిందే. బిషప్పులు కూర్చునే అర్ధచంద్రాకారపు మెట్లు ఇంకా ఉన్నాయి. 2011 నుంచి మళ్లీ మసీదుగా నడుస్తోంది, ఆడవాళ్లు తలకు చున్నీ తీసుకెళ్లండి.

భోజనం బాగుంది. కాల్చిన కోఫ్తే, చిక్కుడు గింజల సలాడ్, అడిగితే పిలావ్. మంచినీళ్లకు, టీకి డబ్బులు విడిగా కట్టాలి, ఒక స్టారు అందుకే పోయింది.

ఆ తర్వాత పింగాణీ పలకల దుకాణం. ఇజ్నిక్ పలకలు 16వ శతాబ్దంలో పెద్ద పేరున్న సరుకు, ఆ ఎరుపు రంగు నిజంగానే చూడదగ్గది. కానీ అక్కడ గంటా ఇరవై నిమిషాలు కూర్చోబెట్టారు! సరస్సు ఒడ్డున మునిగిన చర్చి దగ్గర ఇచ్చింది పదిహేను నిమిషాలు. గడియారం చూసి రాసుకున్నాను.

నన్నడిగితే ఆ పదిహేను నిమిషాల కోసమే ఈ టూర్‌కి వెళ్లాలి. 2014లో విమానంలోంచి తీసిన ఫొటోల్లో నీళ్ల అడుగున ఒక చర్చి పునాది ఆకారం కనపడింది. ఒడ్డుకు అతి దగ్గర్లో, లోతు రెండు మీటర్లు కూడా లేదు. 740 భూకంపంలో కూలి ఉంటుందనీ, డయోక్లీషియన్ హింసలో చనిపోయిన నియోఫైటస్ అనే కుర్రవాడి పేరున కట్టి ఉండొచ్చనీ పరిశోధకుల అంచనా. కొన్నేళ్లుగా సరస్సు తగ్గిపోతుండటంతో రాళ్లు బయటపడ్డాయి. మేం వెళ్లినప్పుడు ఒడ్డున ఏవో పనులు జరుగుతున్నాయి, కంచె ఇవతల నుంచే చూశాం. గైడ్ ఫోన్ చూసుకుంటూ దూరంగా నిలబడ్డాడు. ఒకరకంగా మేలైంది.

కేరళ ఆవిడే అడిగింది, విశ్వాస ప్రమాణం చెప్పుకుందామా అని. వాళ్లు మలయాళంలో, మేం తెలుగులో మొదలుపెట్టాం. మావారు ‘పొంతి పిలాతు’ అన్న పేరు దగ్గర తప్పి మళ్లీ అందుకున్నారు. నిజానికి మనం చదివేది 381లో కాన్‌స్టాంటినోపుల్ సభకు చెందినదిగా వచ్చిన రూపం. 325 నాటిది ‘పరిశుద్ధాత్మను నమ్ముచున్నాము’ అన్న మాటతోనే ఆగి, అరియస్ మాటల మీద శాపాలతో ముగుస్తుంది. ఆ పరిశుద్ధాత్మ దగ్గరే మేం విడిపోయాం. ఆత్మ తండ్రి నుండి బయలుదేరుచున్నాడని వాళ్లు ముందుకు వెళ్లిపోయారు. మేం ‘కుమారుని నుండియు’ అని ఇంకో మాట కలిపాం. పడమటి సంఘాలు తర్వాతి కాలంలో చేర్చుకున్న మాట అది. తూర్పువాళ్లకు ఇప్పటికీ అభ్యంతరమే. ‘ఆమేన్’ వాళ్లు ముందు అన్నారు, మేం ఒక క్షణం వెనక. కేరళ ఆయన నవ్వి, “ఒక్క మాటే ఆలస్యం” అన్నాడు.

ఇంటికొచ్చాక నవంబర్ 28న పోప్ లియో 14, కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ బర్తొలొమయి ఆ రాళ్ల పక్కనే ప్రార్థన చేయడం టీవీలో చూశాం. అక్కడ విశ్వాస ప్రమాణాన్ని ఆ ‘కుమారుని నుండియు’ లేకుండానే చదివారు. మావారు నా వైపు చూశారు. నేనేం మాట్లాడలేదు.

వెళ్లొచ్చా అంటే వెళ్లండి. సొంతంగా బస్సులు మారుతూ వెళ్లడం మా వయసువాళ్లకు కష్టం, ఈ వ్యాను హాయిగా ఉంది. సరస్సు దగ్గర గంట కావాలని ఎక్కే ముందే గట్టిగా చెప్పండి. కథ మాత్రం ఇంట్లో చదువుకుని వెళ్లండి.

325కీ 787కీ తేడా చెప్పి, ప్రకటన మార్చమని ఒకటిన్నర పేజీ మెయిల్ రాశాను. మూడు రోజులకు జవాబు వచ్చింది. చాలా థ్యాంక్స్ మేడమ్, మీరు కొన్న పలకలు పగలకుండా ఇల్లు చేరాయా అని అడిగారు. రెండు కొన్నాను, ఒకటి పగిలింది.