స్వెత్లానా పేరు ఫలకం: చెక్కడం బాగుంది, అర్థమే తప్పు

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర, పేర్లకు అర్థాలు రాసి ఫలకాలు చేసి ఇచ్చే ఒక చిన్న దుకాణంలో మా మేనకోడలి బారసాలకు ‘స్వెత్లానా’ అన్న పేరుతో టేకు ఫలకం చేయించాము. పనితనం మెచ్చుకోదగినది, ‘స్వె’, ‘త్లా’ల కింది వత్తులు సైతం ఎక్కడా చిట్లకుండా, అంచులు చేతికి గీరుకోకుండా నున్నగా దిద్దారు.

అయితే పేరు కింద ‘సంస్కృత నామము, తెల్ల కలువ’ అని చెక్కారు. రష్యన్ భాషలో ‘స్వెత్’ అంటే వెలుగు. మన ‘శ్వేత’కు అది దూరపు చుట్టమే గానీ, పేరు మాత్రం రష్యన్ కవులు కల్పించినది. 19వ శతాబ్దపు ఆరంభంలో వొస్తోకొవ్ వాడిన ఈ పేరు, 1813లో అచ్చయిన జుకోవ్‌స్కీ గాథాగీతంతో జనంలోకి వెళ్లింది. పునీతుల పేర్లుండే చర్చి పంచాంగంలో లేనందువల్ల చాలాకాలం బాప్తిజానికి పనికిరాక, సోవియట్ కాలంలోనే విరివిగా పెట్టుకోసాగారు. స్టాలిన్ కూతురి పేరూ ఇదే. మన వైపు వామపక్ష అభిమానుల ఇళ్లలో ఇది వినిపించడానికి కారణం వేరే చెప్పనక్కర లేదు.

యజమాని వాదించకుండా కింది పలకను మార్చి ఇచ్చారు, అదనంగా పైసా అడగలేదు. ఫలకాల కోసం నిశ్చింతగా వెళ్లవచ్చు. అర్థం మాత్రం మీరే కాగితం మీద రాసి తీసుకెళ్లడం మేలు.