అరకు దాకా వెళ్లకుండా: బొర్రా, అనంతగిరిల్లో ఇంటిల్లిపాదీ నడక

వైజాగ్‌లో అరకు ట్రిప్ అంటే ఒక లెక్క ఉంది. తెల్లవారుజామునే కారెక్కాలి. బొర్రా, పద్మాపురం గార్డెన్స్, ట్రైబల్ మ్యూజియం, చాపరాయి అన్నీ చుట్టేసి రాత్రి భోజనానికి ఇంట్లో ఉండాలి. డ్రైవరుకి గిట్టుబాటు, మనకి నడుం నొప్పి. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యనీ, రెండో క్లాసు చదివే పాపనీ వెంటబెట్టుకుని ఆ పరుగు మా వల్ల కాదని ఈసారి అరకునే వదిలేశాం. బొర్రా గుహల్లో తీరిగ్గా నడవడం, రాత్రికి అనంతగిరిలో ఉండడం, మర్నాడు కాఫీ తోటలు చూసుకుని దిగిపోవడం. అంతే ప్లాను.

వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు రోడ్డు. ఎవరడిగినా ఇదే చెప్తాను. ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ వెళ్లే రైలు పొద్దున ఏడు గంటల ప్రాంతంలో వైజాగ్‌లో బయల్దేరుతుంది. అక్కడి బైలాడిలా గనుల ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేసిన లైను ఇది. మనం షికారు కెళ్లడం తర్వాతి సంగతి. బొడ్డవర దాటాక సొరంగాలు మొదలవుతాయి, ఒక్కో సొరంగంలోకి దూరగానే బోగీ మొత్తం కేకలు. పెద్దవాళ్లూ అరుస్తారు, మొహమాటం ఏమీ ఉండదు. అద్దాల కప్పున్న విస్టాడోమ్ బోగీ 2017 నుంచి ఉంది. దాని టికెట్లు దొరకలేదని బాధపడొద్దు. మామూలు సీటులో కిటికీ దొరికితే చాలు, గాలైనా తగులుతుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతులయ్యే పిల్లలుంటే రైలే శరణ్యం.

బొర్రా గుహలు స్టేషన్‌లో దిగితే గుహ దాకా నడిచిపోవచ్చు. ఆటోవాళ్లు చాలా దూరమని చెప్తారు. అత్తయ్య మధ్యలో ఒక చోట కూర్చుంది గానీ ఆటో మాత్రం ఎక్కనంది.

ఈ కొండలన్నీ సున్నపురాయి కావు. చాలావరకు మన కైలాసగిరి, సింహాచలం కొండల్లాగే ఖోండలైట్ అనే రాయి. మధ్యలో సున్నపురాయి ఉన్న చోట గోస్తనీ నది నీళ్లు దాన్ని కరిగించి, తొలిచి ఇంత పెద్ద గుహ చేశాయి. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో దీని నోరుంది. అక్కడినుంచి సిమెంటు మెట్లమీదుగా కిందకి దిగాలి. దారి వెడల్పుగా, రెయిలింగుతో బాగానే ఉంది. ఇబ్బందల్లా తడే. పైనుంచి బొట్లు పడుతూనే ఉంటాయి కాబట్టి అరిగిన చెప్పులు వేసుకొస్తే జారడం ఖాయం. బూట్లయితే మంచిది.

గైడు టార్చి కొట్టి అది పుట్టగొడుగు, ఇది తల్లీబిడ్డ అని గబగబా చూపించుకుంటూ పోయాడు. రంగురంగుల లైట్లు నాకైతే నచ్చలేదు, రాయి అసలు రంగే తెలియదు. ఒక మూల లైటు వెలగని చోట టార్చి వెలుతుర్లో చూశాను. పైనుంచి వేలాడుతున్న రాతి కొసన ఒక నీటిబొట్టు. రాలదు, ఊగుతుంది, అప్పుడు రాలుతుంది. కింద అది పడే చోట గుండ్రంగా, నున్నగా ఇంకో రాయి లేస్తోంది. రెంటికీ మధ్య జానెడు ఖాళీ. "ఎప్పుడు అంటుకుంటాయి?" అంది పాప. ఇలాంటివి పెరిగేది సగటున ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు అటూఇటూ. పైదీ కిందదీ రెండూ పెరిగినా జానెడు పూడాలంటే వెయ్యేళ్ల పైమాటే. బొట్టులో కరిగి వచ్చిన సున్నం గాలి తగిలాక పేరుకుంటేనే అది పెరుగుతుంది. చేతి జిడ్డు అంటిన చోట సున్నం సరిగ్గా పేరుకోదు. అందుకే ముట్టుకోవద్దంటారు. అయినా చెయ్యి అందే ఎత్తులో ఉన్న రాళ్లన్నీ జనం నిమిరీ నిమిరీ నల్లబడి ఉన్నాయి.

గుహలోని శివలింగం దగ్గరికి ఎక్కే మెట్లు నిటారుగా, ఇరుగ్గా ఉంటాయి. "నేనిక్కడే దణ్ణం పెట్టుకుంటాలే, మీరెళ్లండమ్మా" అని అత్తయ్య కిందే ఆగింది. పెద్దవాళ్లకి అదే నయం. గుహ నెత్తిమీంచే రైలు పట్టాలున్నాయని గైడు చెప్పాక పాప రైలు చప్పుడు కోసం చెవులు రిక్కించింది, గబ్బిలాల గోల తప్ప ఏమీ వినపడలేదు. ఇందులోంచి పారే గోస్తనీయే కింద తాటిపూడి రిజర్వాయరులోకి చేరుతుంది. వైజాగ్‌లో కొన్ని వీధుల కుళాయిలకి నీళ్లు అక్కడివే.

బయట బొంగులో చికెన్ వరసగా అమ్ముతారు. కాల్చి పక్కన పెట్టేసిన బొంగులు తీసుకోకండి. మన ఎదురుగా ముక్కలు కూరి, మూతికి ఆకులు దోపి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చమనండి. అరగంట పైనే పడుతుంది. నూనె వెయ్యరు, కారం మాత్రం దండిగా వేస్తారు. పాపకి కారం తక్కువ వేయమని ముందే చెప్పాం, విన్నారు. సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి ఫోన్‌పేని నమ్ముకోకుండా చిల్లర దగ్గర ఉంచుకోండి.

కటికి జలపాతానికి జీపులవాళ్లు వెంటపడ్డారు. దారంతా రాళ్లూ గుంతలూ, దిగాక ఇంకా నడవాలి. కుర్రాళ్లకి సరదా, మోకాళ్లకి శిక్ష. మేం వెళ్లలేదు.

అనంతగిరిలో టూరిజం వాళ్ల హరిత రిసార్ట్ కోసం చూస్తే గదులు నిండిపోయాయి. శీతాకాలం శని, ఆదివారాలైతే చాలా ముందే బుక్ చేసుకోవాలి. మేం దిగిన ప్రైవేటు లాడ్జి చోటు బాగుంది, వరండాలోకి మబ్బు వచ్చేసేది. గీజరు మాత్రం పనిచెయ్యదు. చెప్తే "కరెంటు లో వోల్టేజీ అండీ" అని ఒక బకెట్టు వేడినీళ్లు తెచ్చిపెట్టారు, అదీ పొద్దున తొమ్మిదింటికి. భోజనం ఊళ్లో చిన్న హోటల్లో తిన్నాం. అన్నం, పప్పు, ఆమ్లెట్, అన్నీ వేడివేడిగా. లాడ్జి భోజనం కన్నా ఎన్నో రెట్లు మేలు.

మర్నాడు సుంకరిమెట్ట కాఫీ తోటలు. ఇక్కడ తోటలో వేసిన చెక్క వంతెన మీద ఎవరైనా నడవొచ్చు, మెట్ల బాధ తక్కువ. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియం తీగలు. నవంబరు నుంచి జనవరి మధ్య వస్తే పండిన ఎర్రటి కాయలు కనిపిస్తాయి. అత్తయ్యకి గుహ కన్నా ఇదే నచ్చింది. మిరియాలు పచ్చిగా ఉన్నప్పుడు ఎలా ఉంటాయో ఆవిడే పాపకి చూపించింది. పొద్దున్నే వెళ్లండి, పదకొండు దాటితే ఫొటోలవాళ్లతో వంతెన మీద కాలు పెట్టే చోటుండదు.

తిరుగు రైలు కిరండూల్ నుంచి రోజంతా ప్రయాణం చేసి రావాలి, ఆలస్యమైతే పిల్లలతో స్టేషన్లో పడిగాపులే. అరకు నుంచి ఎస్.కోట (శృంగవరపుకోట) మీదుగా వైజాగ్ వెళ్లే ఆర్టీసీ బస్సులున్నాయి. ఆదివారం సాయంత్రం అవి అరకులోనే నిండిపోయి వస్తాయి. అందుకని మేం మధ్యాహ్నమే ఒకటి పట్టుకున్నాం, అందరికీ సీట్లు దొరికాయి.