సత్యోపదేశమా, మోరల్ సైన్సా?

చాలా క్యాథలిక్ స్కూళ్లలో వారానికో రెండుసార్లు క్లాసు రెండుగా విడిపోతుంది. క్యాథలిక్ పిల్లలు సత్యోపదేశానికి వెళ్తారు, మిగతావాళ్లు మోరల్ సైన్సుకి.

సత్యోపదేశంలో ప్రార్థనలు, సంస్కారాలు (జ్ఞానస్నానం లాంటి చర్చి పవిత్ర క్రియలు), బైబిలు కథలు ఉంటాయి. మొదటి దివ్యసత్ప్రసాదానికి, అంటే పూజలో పవిత్రమైన అప్పాన్ని తొలిసారి తీసుకోవడానికి, సిద్ధమయ్యే పిల్లలకు ఇది కావాల్సిందే. వేరే మతం పిల్లలను బలవంతంగా కూర్చోబెట్టడానికి లేదు. ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న స్కూళ్లలో మతబోధకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని రాజ్యాంగం 28(3) అధికరణ చెబుతోంది. అది న్యాయమైన నియమం.

మోరల్ సైన్సు అందరిదీ. నిజాయితీ, క్షమ, పక్కవాడి కష్టం పట్టించుకోవడం. కానీ పరీక్షలు దగ్గరపడగానే ముందుగా పోయే పీరియడ్ ఇదే, లెక్కలకో సైన్సుకో ఇచ్చేస్తారు. నాకు బాధ అక్కడే.

ఒక్కదాన్నే గట్టిగా నిలబెట్టాలంటే నేను మోరల్ సైన్సునే అంటాను. సత్యోపదేశానికి ఇల్లుంది, ఆదివారం చర్చి ఉంది. మోరల్ సైన్సుకి బడి తప్ప వేరే చోటు లేదు. పైగా క్యాథలిక్ బిషప్పుల సమావేశమైన రెండో వాటికన్ మహాసభ 1965లో విద్యపై ఇచ్చిన ప్రకటన పేదలనూ, కుటుంబ ఆదరణ లేనివాళ్లనూ, విశ్వాసం లేనివాళ్లనూ ప్రత్యేకంగా చూసుకోమంది. వాళ్లలో చాలామంది కూర్చునేది ఈ పీరియడ్‌లోనే.