చెరువులో అమ్మోనియాకు జియోలైటా, బ్యాక్టీరియానా?

భీమవరం వైపు రొయ్యల చెరువు గట్టు మీద, అమ్మోనియా టెస్ట్ కిట్‌లో నీళ్లు పసుపు నుంచి ఆకుపచ్చకు తిరిగాయంటే చాలు, టెన్షన్ మొదలై జియోలైట్ బస్తాలు దిగిపోతాయి. ఆగండి, ముందు మీ నీళ్లలో ఉప్పు ఎంతో చూడండి.

జియోలైట్ అగ్నిపర్వత బూడిద నుంచి పుట్టిన రాయి. లోపలంతా కంటికి కనపడని సన్నని గదులు, వాటిలోని సోడియాన్ని వదిలేసి నీళ్లలోని అమ్మోనియాన్ని పట్టుకుంటుంది. మంచినీళ్లలో, అదీ క్లినాప్టిలోలైట్ రకమైతే, ఫలితం గంటల్లోనే తెలుస్తుంది. కానీ వనామీ రకం రొయ్యల చెరువు ఉప్పునీరైతే అందులో సోడియం కుప్పలుగా ఉంటుంది కదా, అదే వెళ్లి గదుల్లో కూర్చుంటే అమ్మోనియాకు చోటెక్కడ? వాడేసిన జియోలైట్‌ను ఉప్పునీళ్లతో కడిగి మళ్లీ పనికి తెచ్చేది కూడా ఈ సూత్రంతోనే!

నైట్రిఫైయింగ్ బ్యాక్టీరియా దారి వేరు. అమ్మోనియాను నైట్రైట్‌గా, తర్వాత హాని బాగా తక్కువుండే నైట్రేట్‌గా మార్చేస్తుంది, ఉప్పునీళ్లలోనూ బతుకుతుంది. కాకపోతే నిలదొక్కుకోవడానికి వారాలు పడుతుంది, గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు దాదాపు 4.5 గ్రాముల ఆక్సిజన్ తినేస్తుంది, ఆల్కలినిటీనీ (నీళ్ల pH పడిపోకుండా కాపాడే గుణాన్ని) తగ్గిస్తుంది. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆపితే అంతే సంగతులు.

నా లెక్కలో మంచినీటి తొట్టెకు, చేపపిల్లల రవాణాకు జియోలైట్. ఉప్పు చెరువుకు బ్యాక్టీరియానే, మొదటి రోజుల నుంచే. ఇక రొయ్యలు ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేలో మేత మిగులుతుంటే రెండూ కొనకముందే మేత తగ్గించండి, అమ్మోనియా పుట్టేది అక్కడే.