గన్నవరం నుంచి విశాఖ: కుడివైపు కిటికీ అడిగి తీసుకోండి

విజయవాడ–విశాఖ విమానం ఎలా ఉంటుందని ఎవరడిగినా నేను ముందు సీటు గురించే చెబుతాను. వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ, వచ్చేటప్పుడు ఎడమవైపు. మ్యాపు మీద గన్నవరం నుంచి విశాఖకి స్కేలు పెట్టి గీస్తే సుమారు 290 కిలోమీటర్లు. ఆ గీత ఏలూరు, రాజమండ్రి పక్కనుంచే పోతుంది. నేనెక్కేది ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం, అది పెద్ద జెట్లంత ఎత్తుకి ఎక్కదు, దాని రెక్క కిటికీలకి పైన ఉంటుంది కాబట్టి కింద ఉన్నదంతా కనబడుతుంది. ఎక్కిన కాసేపటికే కొల్లేరు, చేపల చెరువుల గళ్ళు. ఆ తర్వాత గోదావరి. ధవళేశ్వరం బ్యారేజీ మీద బండిలో పోతుంటే ఒకటే పొడుగు వంతెనలా ఉంటుంది. పైనుంచి చూస్తే లంకల మధ్య నాలుగు ముక్కలు, దిగువన ఏరు పాయలుగా విడిపోవడం, అన్నీ ఒక్క చూపుకి అందుతాయి. నేనైతే ఫోను పక్కన పడేసి కూర్చుంటాను.

వానాకాలంలో మాత్రం మబ్బు తప్ప ఏమీ ఉండదు. ముందు వరసల్లో ప్రొపెల్లర్ అడ్డం. వెనక కూర్చోండి, తలుపూ అటే కాబట్టి తొందరగా దిగొచ్చు.

టికెట్ మీద గంట పైచిలుకు రాస్తారు గానీ గాల్లో ఉండేది ముప్పావుగంటే. విశాఖలో రన్‌వే నేవీ వాళ్ళది, ఒక్కోసారి మన వంతు వచ్చేదాకా సముద్రం మీద చక్కర్లు తప్పవు. అది నాకు బాధ కాదు, డాల్ఫిన్స్ నోస్ కొండ ఇంకోసారి కనబడుతుంది.

బాధంతా జనవరి పొద్దుటి విమానంతోనే. గన్నవరం చుట్టూ పొలాలు, కాలవలు. మంచు పట్టిందంటే వదలదు. ఓ జనవరి పొద్దున విశాఖలో ఎండ కాస్తుండగా బయలుదేరాం. గన్నవరం మీద తిరిగాం, తిరిగాం, చివరికి రన్‌వే కనబడటం లేదని శంషాబాద్ తీసుకెళ్ళి దించారు. దించారంటే విమానాన్నే, మమ్మల్ని కాదు. తలుపు తెరవలేదు. పక్క సీటు పెద్దాయన "ఇక్కడే దిగి బస్సెక్కేద్దామా బాబూ?" అన్నారు, మొదట నవ్వుతూ, తర్వాత నవ్వకుండా. మంచు విడిచాక మళ్ళీ గన్నవరం. 290 కిలోమీటర్ల టికెట్‌కి 800 పైనే తిరిగాం, చక్కర్లు లెక్కలోకి తీసుకోకుండానే. అదే పొద్దున వందే భారత్‌లో వచ్చిన మా ఆఫీసు కుర్రాడు నాలుగు గంటల్లో విజయవాడలో దిగి, నేను చేరేసరికి మీటింగు ముగించి భోజనానికి వెళ్ళాడు.

కిటికీకి చలికాలమే మంచిదన్నది నిజమే, కాకపోతే మధ్యాహ్నం విమానం చూసుకోండి.

నా వరకు ఇది ఇప్పటికీ లాభమే. ఇల్లు కేసరపల్లిలో, పని గాజువాకలో, రెండు వైపులా ఎయిర్‌పోర్టు పక్కనే. విజయవాడలో భవానీపురం నుంచి బయలుదేరి విశాఖలో మధురవాడ వెళ్ళేవాళ్ళకి ఊళ్ళ ట్రాఫిక్కు, చెకిన్ కలిపితే రైలు కంటే మిగిలేది కొంచెమే. విశాఖ విమానాలు భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టుకి మారితే నాకూ గాజువాక దాకా ఊరంతా దాటుకుని రావాలి. అప్పుడు కిటికీ కోసం ఎప్పుడైనా ఎక్కుతానేమో గానీ, పనికి మాత్రం రైలే.