జర్నలిజంలో పీజీ: నెల్లూరు, ఒంగోలు పిల్లలు పెట్టే డబ్బుకు తగ్గ చదువేనా?

తెలుగు పేపర్లో రిపోర్టర్ కావాలన్నదొక్కటే కోరికైతే మాస్ కమ్యూనికేషన్ పీజీకి లక్షలు పోయొద్దు. కాలేజీలో పాఠాలు చెప్పాలన్నా, సమాచార శాఖలో ఉద్యోగం చూస్తున్నా, కంపెనీల పీఆర్ వైపు వెళ్లాలన్నా ఈ పట్టా పనికొస్తుంది. అప్పుడైనా ఎంత పెట్టాలన్నదానికి హద్దుండాలి.

కావలిలోనో టంగుటూరులోనో పనిచేసే మండల విలేకరికి వచ్చేది ఎక్కువగా లైన్ అకౌంటే, అంటే అచ్చయిన వార్త పొడవును బట్టి ఇచ్చే డబ్బే. ఎమ్మే చదివాడని ఆ లెక్క పెరగదు. డెస్కులోకి, అంటే ఆఫీసులో వార్తలు దిద్ది పేజీలు పెట్టే విభాగంలోకి వెళ్లాలంటే ఈనాడు, సాక్షి జర్నలిజం స్కూళ్లున్నాయి. పరీక్ష పెట్టి తీసుకుంటాయి, శిక్షణలో స్టైపెండ్ ఇస్తాయి. ఒకచోట ఫీజు కట్టి నేర్చుకునే పని ఇంకోచోట వాళ్లే డబ్బిచ్చి నేర్పుతుంటే, ముందు ఆ పరీక్ష రాయాలి. తెలుగు తప్పుల్లేకుండా రాయడం, ఇంగ్లిష్ వార్తను తెలుగులోకి తేవడం బాగా సాధన చేయండి.

ఇక ఖర్చు. 5 లక్షల బ్యాంకు లోను, 10 శాతం వడ్డీ, 7 ఏళ్ల గడువు అనుకుందాం. నెల కిస్తీ దాదాపు 8,300. చదివే రెండేళ్లు, ఆపై ఏడాది కిస్తీ ఉండదు గానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఏటా సగం చొప్పున లోను తీసుకుని, ఆ మూడేళ్లూ వడ్డీ కట్టకపోతే బాకీ 6.25 లక్షలకు చేరుతుంది, కిస్తీ 10,400 దాకా పోతుంది. చదివేటప్పుడే నెలనెలా వడ్డీ కట్టేయమని మేం గట్టిగా చెబుతాం. చాలామంది లెక్కలో వేసుకోనిది ఇంకొకటుంది. నెలకు 15,000 వచ్చే పని మానుకుని చదివితే రెండేళ్లలో 3.6 లక్షలు పోయినట్టే. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీ కోర్సుకు, మీ కాలేజీకి వర్తిస్తుందని రాతపూర్వకంగా తేలేదాకా దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

అందుకే ముందు చూడాల్సినవి ప్రభుత్వ యూనివర్సిటీలు. ఒంగోలు వాళ్లకు నాగార్జున యూనివర్సిటీ, నెల్లూరు అమ్మాయిలకు తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం దగ్గర. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. చెన్నై రైల్లో దగ్గరే, కానీ రోజూ వెళ్లొచ్చే దూరం కాదు. రూము అద్దె, మెస్సు ఖర్చు కలిపి లెక్క చూడండి. ఉద్యోగం వదల్లేనివాళ్లకు ఇగ్నో దూరవిద్య ఎమ్మే ఉంది.

చదువులో గట్టి భాగం మీడియా చట్టాలు, పరిశోధన పద్ధతులు. పరువునష్టం కేసు ఎక్కడ మొదలవుతుందో, ఆర్టీఐ దరఖాస్తులో ఏం అడగాలో, సర్వే అంకెల్ని ఎంతవరకు నమ్మొచ్చో డెస్కులో తీరిగ్గా కూర్చోబెట్టి చెప్పేవాళ్లుండరు. బలహీనమైనది ప్రాక్టికల్. చేరకముందే డిపార్ట్‌మెంటుకు వెళ్లి, విద్యార్థులు సాధన కోసం తెచ్చే పత్రిక (ల్యాబ్ జర్నల్) పోయినేడాది సంచికలు చూపించమనండి. లేవంటే అక్కడ పేజీ పెట్టడం నేర్పనట్టే. కెమెరాలెన్ని, గెస్టు ఫ్యాకల్టీ ఎంతమంది, ఇంటర్న్‌షిప్ వాళ్లే చూపిస్తారా లేక మనమే తిరగాలా అని అడగండి. కిందటి బ్యాచ్‌లో ఐదుగురితో ఫోన్లో మాట్లాడండి. బ్రోషర్లో లేనివి అక్కడ తెలుస్తాయి.

పట్టా ఉండీ డెస్కు టెస్టులో ఆగిపోయేది ఎక్కువగా టైపింగ్ దగ్గర. చాలా డెస్కుల్లో తెలుగు టైపింగ్‌కు ఇంకా అను ఫాంట్లు, యాపిల్ అనే కీబోర్డు అమరికే. ఏ కోర్సూ దాన్ని సరిగ్గా నేర్పదు. రోజుకో గంట చొప్పున రెండు నెలలు ఇంట్లోనే టైపు సాధన చేయండి.

లెక్చరర్ కావాలంటే నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాయాలి. దానికి పీజీలో 55 శాతం మార్కులు, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం కావాలి. అందులోనే మంచి ర్యాంకుతో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో చేరాక నెలకు 37,000 ఫెలోషిప్. ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు: పేరున్న సంస్థలు కొన్ని ఇచ్చేది ఎమ్మే కాదు, పీజీ డిప్లొమా. మాస్టర్స్‌తో సమానమని ఏఐయూ (భారత విశ్వవిద్యాలయాల సంఘం) గుర్తింపు ఉందో లేదో చూసుకోకపోతే ఆ సర్టిఫికెట్‌తో నెట్‌కు అర్హత రాకపోవచ్చు. సమాచార శాఖ పోస్టులకు డిప్లొమా కూడా సరిపోయిన సందర్భాలున్నాయి, నోటిఫికేషన్లే అరుదు.

ప్రైవేటు కాలేజీలు సీయూఈటీ, ఏపీ పీజీసెట్ (రాష్ట్ర యూనివర్సిటీల పీజీ ప్రవేశ పరీక్ష) కౌన్సెలింగ్ అయ్యేలోపే సీటు అడ్వాన్సు కట్టమని తొందరపెడతాయి. కట్టక తప్పకపోతే రసీదు, ఎప్పటిలోపు మానుకుంటే ఎంత తిరిగిస్తారో కాగితం మీద తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. చూపించి వెనక్కి తీసుకుని, జిరాక్సులు మాత్రమే ఇచ్చి రండి.