స్వర్ణలత లాంటి గొంతు కోసం మూడేళ్లు: పాటల యాప్‌లో ‘రేడియో’ వాడిన అనుభవం

మూడేళ్లుగా ఒకే పాటల యాప్ వాడుతున్నాను. సౌండ్ క్వాలిటీ, డౌన్‌లోడ్లు, ప్లాన్ల సంగతి అందరికీ తెలిసిందే, వాటి జోలికి పోను. నేను డబ్బు కట్టేది ఒక్కదాని కోసం: గాయని పేరు కొడితే అలాంటి పాటల్ని వరసగా వినిపించే రేడియో. నేను కొట్టే పేరు స్వర్ణలత. 2010లో, 37 ఏళ్లకే వెళ్లిపోయింది, ఇక ఆమె కొత్త పాట రాదు. ‘సఖి’లో ‘కలలై పోయెను’ విన్నవాళ్లకి నేను దేనికోసం వెతుకుతున్నానో చెప్పక్కర్లేదు, దుఃఖం గొంతు దాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది.

మొదటి ఏడాదంతా చిత్ర, సుజాత, మిన్మిని, మళ్లీ చిత్ర. ప్రాణం పెట్టి వింటాను వాళ్లని, కానీ చిన్నప్పటి నుంచీ తెలిసినవాళ్లే కదా.

విశాఖలో గాజువాక నుంచి మద్దిలపాలెం రోజూ బస్సులోనే వస్తాను. ఒక సాయంత్రం వాన, ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్ కదలట్లేదు, రేడియో దాని మానాన అది నడుస్తోంది. ఉన్నట్టుండి ఒక ఆడగొంతు, ఎక్కడా అరవకుండా, మాట చివర కొంచెం ఊపిరి వదిలేస్తూ. స్వర్ణలత పాటల్లో నేను వినకుండా ఉండిపోయినదేమో అనుకుని ఫోన్ తీసి చూస్తే శక్తిశ్రీ గోపాలన్, ‘కడలి’లో ‘గుంజుకున్నా’. 2013లో వచ్చిన పాట, ఇన్నేళ్లూ నా చెవిన పడలేదు! అదే పాట మళ్లీ మళ్లీ పెట్టుకుని, దిగాల్సిన స్టాప్ దాటి ఇసుకతోట దాకా వెళ్లిపోయాను. ఆ రాత్రి ఆమెవి వెతికి వెతికి విన్నాను, ‘పొన్నియిన్ సెల్వన్’ రెండో భాగంలోని తమిళ ‘అగ నగ’తో సహా.

గొంతు పోలిక యాప్ భలే పట్టిందని ఆఫీసులో అందరికీ చెప్పాను. తర్వాత ఆలోచిస్తే, ‘సఖి’, ‘కడలి’ రెండు సినిమాలూ మణిరత్నంవే, రెండింటికీ సంగీతం రెహ్మానే. నాకు అర్థమైనంతలో ఇది ఎవరు ఏ పాటలు కలిపి వింటున్నారో చూస్తుంది తప్ప గొంతుని వినదు. ‘చూడాలని వుంది’లో ‘రామ్మా చిలకమ్మా’కి ఒక్క లైక్ కొట్టినందుకు వారం రోజులు ఉదిత్ నారాయణ్ పాటలే వచ్చాయి. నేను లైక్ కొట్టింది పక్కన పాడిన స్వర్ణలతకని దానికి ఎలా చెప్పాలి? చివరికి ఆ లైక్ తీసేశాను, మనసొప్పకపోయినా.

ఈ ఏడాది కూడా డబ్బు కట్టాను. నాకు రోజూ రెండు గంటలు బస్సులో గడుస్తాయి, ఎక్కువగా వినేది రెహ్మాన్ పాటలు, కాబట్టి పనికొచ్చింది. సుశీల, జానకిల పాత పాటలు వినేవాళ్లకి ఇది ఎంతవరకు పనికొస్తుందో నేను చెప్పలేను, మా అమ్మ ఫోన్‌లో పెట్టిచ్చాను, ఇంకా నెల కూడా కాలేదు.